మానిన పాదం

“సాయంత్రం ఆరింటిలోగా ఈ అమ్మాయి సంతకం పెట్టాలి. లేదంటే ఈ కాగితం నేరుగా పోలీసు స్టేషనుకి వెళుతుంది.”

కాఫీ తాగుతారా అని అడిగినంత మర్యాదగా అన్నాడు శివశంకర్. బల్ల మీది కాగితాన్ని చూపుడువేలితో కాస్త ముందుకు నెట్టాడు. బల్లకి అవతల కూర్చున్న రమ్యశ్రీ ఆ కాగితం వంక చూడలేదు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి గాని తల మాత్రం దించలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న రత్నమాల ఆ మాటలు విని, “ఏం సంతకం శివశంకర్ గారూ?” అంటూ లోపలికి వచ్చింది.

అతను వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేశారు. మస్కట్‌లో నిక్షేపంలా ఉన్న మనిషికి ఇక్కడ కర్మకాండలు జరిపించి డబ్బు లాగబోయిన కేసులు ఎన్నో చూశారు. అందరికంటే ముందు రిపోర్టు ఇచ్చేది శివశంకర్. ఒకసారి ఇచ్చాక దిద్దుకునే అవసరం రానిది రత్నమాల రిపోర్టు. తర్వాత అతను హైదరాబాదు వెళ్ళి పెద్దవాళ్ళ పరువు కాపాడే వృత్తిలో స్థిరపడ్డాడు. ఆమె అమలాపురంలోనే ఉండిపోయి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది.

“మీదాకా వచ్చిందా? అయితే పని ఇంకా సులువు,” అన్నాడతను. “షుగర్ పుండ్లకి వ్రణోసిల్ అని ఒక ఆయింట్‌మెంట్ ఉంది. అది బాగా పనిచేస్తుందని పుణే డాక్టర్లు పరీక్షించి రాశారు. ఆ పరీక్షలో తీసిన ఫొటో ఇది. చూడండి. పాదం వెనకాల ఏముంది?”

రత్నమాల ఫొటో అందుకుంది. పుండు పడిన పాదం. దాని వెనకాల మగ్గం మూల, మగ్గం మీద సగం నేసిన చీర.

“మగ్గం.”

“పుణే ఆసుపత్రిలో మగ్గం ఎందుకుంటుంది? ఈ అమ్మాయిది ఏ ఊరో అడగండి. బండారులంక. ఆ ఫొటోకి ఈ మగ్గాన్ని కంప్యూటర్‌లో అతికించి, పుణే వాళ్ళ పరిశోధన దొంగదని రాసింది. క్షమాపణ రాసిస్తే వదిలేస్తాం. లేదంటే ఈ జన్మలో నర్సుగా పనిచెయ్యలేదు.”

“మిమ్మల్ని పెట్టుకున్నది ఎవరు? మందు కంపెనీయా?”

“నా క్లయింట్ పేరు నేను చెప్పనని మీకు తెలుసు కదా.” అతను లేచి చొక్కా సర్దుకున్నాడు. “ఆరింటికి వస్తాను.”

అతను మెట్లు దిగిపోయాడు. కిటికీ దగ్గర నిలబడిన డాక్టర్ సలోమి అప్పుడు వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆవిడ రమ్యశ్రీ చదివే ఆ నర్సింగ్ కాలేజీలో ప్రొఫెసరు. రత్నమాలని పిలిపించింది ఆవిడే.

“మొదట్నుంచీ చెప్పండి మేడమ్,” అంది రత్నమాల. “నాకు వైద్యం తెలియదు. తెలిసినట్టు నటించను కూడా.”

“ఒక మందు పనిచేస్తుందా లేదా అని ఒక్క డాక్టరుని అడిగితే ఆయనకి తోచింది చెబుతారండి. అందుకని ఆ మందుని ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎవరు పరీక్షించారో అన్నీ వెతికి తెస్తాం. నచ్చినవే కాదు, అన్నీ. ఏ పరీక్షని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని పక్కన పెట్టాలి అన్న నియమాలు వెతకడం మొదలెట్టకముందే రాసేసుకుంటాం. చూశాక మనసు మార్చుకోకూడదు కదా. ఆ తర్వాత ఒక్కో పరీక్షనీ ఇద్దరు విడివిడిగా చదివి తూస్తారు. మొదటివాళ్ళు ఏం రాశారో రెండోవాళ్ళకి తెలియకూడదు. దీన్ని సిస్టమాటిక్ రివ్యూ అంటారు. మా పిల్లలు ఈ ఏడాదే నేర్చుకుంటున్నారు. ఇదే వాళ్ళ మొదటి పని.”

“ఎవరు చెయ్యమన్నారు?”

“పాదసేవా ట్రస్టు వాళ్ళండి.”

ఆ పేరు రత్నమాలకి తెలుసు. షుగర్ వచ్చి కాళ్ళకి పుండ్లు పడినవాళ్ళకి అమలాపురంలో, కొత్తపేటలో, రాజోలులో ఉచితంగా కట్లు కట్టే ట్రస్టు అది. గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు పంపే చందాలతో నడుస్తుంది. ఛైర్మన్ డాక్టర్ సుబ్రహ్మణ్యేశ్వరరావు ఈ ప్రాంతంలో పేరున్న సర్జను.

“వ్రణోసిల్‌ని అన్ని కేంద్రాలకీ కొందామని ట్రస్టు అనుకుంది. చందాలు పంపే కుర్రాళ్ళు ముందు రుజువు చూపించండి, తర్వాత కొనండి అన్నారట. అందుకని ఛైర్మన్ గారు మాకు అప్పజెప్పేరు. రేపే వాళ్ళ మీటింగు,” అంది సలోమి. “వెతికితే అయిదు పరీక్షలు దొరికేయండి. మూడింట్లో ఆ మందుకీ మామూలు కట్టుకీ తేడా ఏమీ లేదు. రెండింట్లో మాత్రం మహాద్భుతం. ఒకటి పుణేది, రెండోది కోయంబత్తూరుది. ఆ రెండిటినీ కలిపితే మందు నెగ్గుతుంది. తీసేస్తే ఓడిపోతుంది.”

“ఆ రెండిట్లోనూ ఈ అమ్మాయి ఏదో చూసింది.”

“చూసింది. వీటిని చదివిన రెండో మనిషి, మా కాలేజీ సతీష్ కూడా చూశాడు. విడిగా, తనంతట తను. ఇద్దరూ ఒకటే రాశారు. కానీ మొన్న అతను వచ్చి, నేను సరిగ్గా చూడలేదండి అని తన సంతకం కొట్టేసి సెలవు మీద వెళ్ళిపోయేడు. ఇప్పుడు ఉన్నది ఒక్క మనిషి మాట. ఒక్కరి మాట మా పద్ధతిలో చెల్లదండి.” సలోమి బల్ల సొరుగులోంచి నాలుగు ఫొటోలు తీసింది. “ఏం చూసిందో నేను చెప్పను. రెండో జత కళ్ళు మీవే కావాలి. పక్క గదిలో కూర్చుని, చూసింది చూసినట్టు రాయండి.”

తనకి పరీక్ష పెట్టిన క్లయింట్ రత్నమాలకి ఇంతవరకూ తగల్లేదు. నవ్వుకుంటూ పక్క గదిలోకి వెళ్ళింది. నవ్వు అక్కడితో ఆగింది. పుణే పరీక్షవి రెండు ఫొటోలు, కోయంబత్తూరువి రెండు. ఒక్కో జతలో మందు రాయకముందు పాదం, మందుతో మానిన పాదం. ఒక ఊరివి కాస్త వెలుతురుగా ఉన్నాయి, రెండో ఊరివి మసకగా ఉన్నాయి. అర్థం వెతకబోయి, ఆగి, కనబడింది మాత్రమే రాసుకుంటూ పోయింది.

తిరిగి వచ్చి ఆమె చదువుతుంటే సలోమి రమ్యశ్రీ రాసిన కాగితం పక్కన పెట్టి వేలుతో చూపిస్తూ వచ్చింది.

“రెండు ఊళ్ళ పాదం ఒకటే. బొటనవేలి పక్క వేలు మీద అడ్డంగా పాత గాటు ఉంది. మందు రాయకముందు తీసిన రెండు ఫొటోల్లోనూ అదే చోట, అదే వంకర.”

“రమ్య కూడా అదే రాసింది,” అంది సలోమి.

“మానిన పాదం మీద ఆ గాటు లేదు. చీలమండ దగ్గర పుట్టుమచ్చ ఉంది. ముందు ఫొటోలో పుట్టుమచ్చ లేదు.”

రమ్యశ్రీ ఒక్కసారిగా లేచి ఫొటో లాక్కున్నంత పని చేసింది. “ఇది నేను చూడలేదండి!” అంది. ఆ గొంతులో ఓడిపోయిన బాధ లేదు, సంబరం ఉంది. సలోమి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “అందుకేనండి ఇద్దరు కావాలనేది,” అంది తృప్తిగా.

రత్నమాల మాత్రం సంబరపడలేదు. రమ్యశ్రీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మగ్గం కనబడే ఈ పెద్ద ఫొటో నీకెలా వచ్చింది? పత్రికలో అచ్చయినదాంట్లో పాదం ఒక్కటే ఉంది.”

“అచ్చులో సరిగ్గా కనబడకపోతే రాసినవాళ్ళకి మెయిల్ పెట్టి అసలుది అడగమని మేడమ్ నేర్పేరండి. అడిగాను. పుణే వాళ్ళ ఆఫీసులో ఎవరో ఏమీ అనుకోకుండా కత్తిరించని ఫొటోలు పంపేశారు.”

“ఆ మెయిల్ నువ్వే పుట్టించావని శివశంకర్ అంటాడు. నీకు కంప్యూటర్ బాగా వచ్చా?”

“వచ్చండి.”

“ఫొటోలు అతికించడం?”

“అదీ వచ్చండి. మా కాలేజీ వార్షికోత్సవం పోస్టర్లన్నీ నేనే చేశాను.”

“మరి నిన్ను ఎందుకు నమ్మాలి?”

రమ్యశ్రీ కళ్ళు తుడుచుకుంది. “నమ్మమని నేను అడగట్లేదండి. మళ్ళీ చూడమంటున్నాను. మీరు చూసి కాదంటే అప్పుడు సంతకం పెడతాను. వాళ్ళు పెట్టమన్నారని మాత్రం పెట్టను. ఆ చీర అంచు ఎవరి మగ్గానిదో కూడా నాకు తెలుసండి. మా ఊళ్ళో…”

“చెప్పకు!” రత్నమాల చెయ్యెత్తింది. “నువ్వు చెప్పిన ఇంటికి వెళితే నువ్వు చూపించిందే నేను చూస్తాను. నువ్వు ఇక్కడే ఉండు.”

స్కూటరు తాళం తీసుకుంటూ, నాలుగు ఫొటోలనీ తన ఫోనులోకి ఎక్కించుకుంది; బయట చూపించడానికి పాదం కనబడకుండా చీర అంచు వరకే విడిగా ఇంకో బొమ్మ తీసుకుంది.

బండారులంక చేనేత సంఘం గదిలో ఆ అంచు చూపించగానే అక్కడున్న పెద్దాయన కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. “పడవల అంచా? మంగరాజు గారింటిదండి. రెండో వీధిలో, మూలనున్న పెంకుటిల్లు.”

మంగరాజు అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. అరవై దాటిన మనిషి. రత్నమాల తన పేరు చెప్పి, అంచు బొమ్మ చూపించింది.

“ఇది మీ ఇంట్లో నేసిందేనా అండి?”

ఆయన బొమ్మ వంక చూడనే లేదు. “మా ఆవిడ కాలికి ఎవరూ ఫొటో తియ్యలేదండి. వ్రణోసిల్ అనే మందు పేరు మేమెప్పుడూ వినలేదండి.”

రత్నమాల ఫోను దించింది. “నేను చీర అంచు గురించి అడిగేనండి. కాలి గురించి గాని మందు గురించి గాని అడగలేదు.”

మంగరాజు చేతిలోని కండె ఆగిపోయింది.

“ఎవరైనా వచ్చి చెప్పి వెళ్ళేరా?”

“ఆయ్… లేదండి. ఎవరూ రాలేదండి.”

“మీరిక్కడే ఉండండి. లోపల అమ్మగారితో మాట్లాడతాను.”

ఆమె సత్తెమ్మ. గుంట మగ్గంలో కాళ్ళు కిందికి దించుకుని కూర్చుని నేస్తోంది. నడుము కింది భాగం ఏమీ కనబడదు. రత్నమాల ముందు ఆమెతో మాట్లాడలేదు. గది చుట్టూ చూసింది. ఫొటోలో మగ్గం మూలకి పైన ఒక కిటికీ ఉంది. దాని ఊచల్లో ఒకటి లోపలికి వంగి ఉంది. ఇక్కడా అలాగే ఉంది. ఆ ఊచకి ఫొటోలో తగిలించి ఉన్న ఎర్ర ప్లాస్టిక్ బుట్ట ఇప్పుడూ అక్కడే వేలాడుతోంది. ఫొటో తీసిన మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడో అక్కడ నిలబడి చూసింది. తలుపు పక్కన, గోడకున్న అద్దానికి దగ్గరగా. అన్నీ సరిపోయాయి. ఒక గదిని ఇంత ఖచ్చితంగా ఊహించి ఏ కంప్యూటరూ అతికించలేదు.

“అమ్మా, ఈ గదిలో మీ ఫొటో ఎవరు తీసేరు?”

సత్తెమ్మ పోగుల మధ్య ఆడుతున్న నాడె ఆపలేదు. “నా కాలికి ఎవరూ ఫొటో తియ్యలేదండి. వ్రణోసిల్ అనే మందు పేరు మేమెప్పుడూ వినలేదండి.”

భర్త చెప్పిన మాటే. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. విడివిడిగా చూసిన ఇద్దరి మాటలు విషయంలో కలుస్తాయి, పలుకులో కలవవు. పలుకు కూడా కలిసిందంటే అది ఇద్దరి మాట కాదు, ఇద్దరికీ నేర్పిన మూడోవాడి మాట. భయపడిన మనిషిని ఇంకా భయపెడితే నోరు మరింత మూసుకుంటుందని రత్నమాలకి తెలుసు. ఆమె మగ్గం పక్కన నేల మీద చతికిలబడింది.

“పోనీలెండి. మీకు సంబంధం లేదంటే నేను వెళ్ళిపోతాను. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన చెప్పిందే నిజమనుకుంటాను.”

“ఏం చెప్పేరండి?”

“ఈ పడవల అంచు అసలు ఎక్కడా లేదట. ఏ మగ్గం మీదా ఎవరూ నెయ్యలేదట. ఒక చదువుకునే అమ్మాయి కంప్యూటర్‌లో గీసిన బొమ్మట.”

నాడె ఆగింది.

“ఎవరండీ అన్నది?” సత్తెమ్మ గొంతు మారిపోయింది. “మా నాన్న గోదావరి మీద పంటు దాటించేవాడండి. చిన్నప్పుడు ఆ రేవులో తెరచాప పడవలు చూసి నేను మనసులో అల్లుకున్న అంచు అది. డిజైను గీయించి, మగ్గానికి దాని అట్టలు కొట్టించి, మొదటి చీర నేసినప్పుడు సంఘంలో అందరూ లేచి నిలబడి చూశారు. కువైట్‌లో ఉన్నవాళ్ళు కూడా పెళ్ళిళ్ళకి ఇదే కావాలని ఫోన్లు చేయించేరండి. గీసిన బొమ్మంటాడా? నా అంచు లేదంటాడా?”

“ఈ ఫొటోలో ఉన్నది మీ చీరేనా?”

“నాదే!”

“అయితే దాని ముందున్న పాదం ఎవరిదమ్మా?”

రత్నమాల ఫోనులో ఫొటో అంతా చూపించింది. సత్తెమ్మ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది. గుమ్మంలో మంగరాజు వచ్చి నిలబడ్డాడు. “సత్తీ, వద్దే. నీ షుగర్ సూదిమందు ఆపేస్తారే,” అన్నాడు బతిమాలుతూ.

అప్పుడే వీధిలో కారు ఆగిన చప్పుడయింది. శివశంకర్ లోపలికి వస్తూనే గది మొత్తాన్ని ఒక చూపుతో కొలిచాడు.

“త్వరగానే పట్టుకున్నారు,” అన్నాడు. “సరే, ఒప్పుకుంటాను. పాదం ఈవిడదే. ఈవిడ పుణే పరీక్షలో చేరింది. మందు రాసుకుంది. పుండు మానింది. ఫొటో ఇంటి దగ్గర తీశారు. ఇందులో నేరమేముంది?”

“పొద్దున్న ఈ ఫొటో అతికించిందన్నారు.”

“పొద్దున్న నాకు ఇచ్చిన సమాచారం అది.”

“ఇప్పుడు ఇచ్చిన సమాచారం ఇదన్నమాట. మరి అదే పాదం కోయంబత్తూరు పరీక్షలో ఎందుకుంది? ఈవిడ అక్కడా చేరిందా?”

“ఫొటో పొరపాటున పడి ఉండొచ్చు.”

“పుండు మానాక పాత గాటు ఎటు పోయింది?”

శివశంకర్ భుజాలెగరేశాడు. “మందు అంత గొప్పదేమో.”

ఆ మాటకి సత్తెమ్మ రెండు చేతులూ నేలకి ఆనించి, మగ్గం గుంటలోంచి మెల్లగా పైకి లేచింది. భర్త సాయం పట్టబోతే వద్దంది. చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుంది.

ఎడమ పాదానికి బొటనవేలు, దాని పక్క వేలు, ఆ పక్క వేలు లేవు. పాదం ముందు భాగం కోసి కుట్టిన మచ్చతో ముడుచుకుపోయి ఉంది.

“పుండు మానలేదండి,” అంది. “అదే రాయండి, ఇంకే కట్టూ వద్దన్నారు. రాసుకుంటూ కూర్చున్నాను. నల్లబడిపోయింది. కాకినాడ తీసుకెళ్తే వేళ్ళు తీసేరు.”

రత్నమాల ఫోనులో మానిన పాదం ఫొటో తెరిచి గోడకున్న అద్దం ముందు పట్టుకుంది. అద్దంలో ఎడమ పాదం కుడి పాదమైంది. చీలమండ దగ్గర పుట్టుమచ్చతో సహా సత్తెమ్మ కుడి పాదంలా అచ్చు గుద్దినట్టు ఉంది.

“అవునండి,” అంది సత్తెమ్మ. “ఆ రోజు రెండు కాళ్ళకీ ఫొటోలు తీసేరు.”

“పుండు పడిన కాలిని రోగమన్నారు. బాగున్న కాలిని తిప్పి అచ్చేసి వైద్యమన్నారు,” అంది రత్నమాల.

శివశంకర్ సత్తెమ్మ పాదం వంకే చూస్తూ ఉండిపోయాడు. మొహంలో మర్యాద పోయి, మనిషి కనబడ్డాడు. అతను అబద్ధాలకి జీతం తీసుకునేవాడే గాని, ఏ అబద్ధం మోస్తున్నాడో తనకి తెలియాలనుకునేవాడు. రత్నమాల అతన్ని వీధిలోకి తీసుకెళ్ళింది.

“ఒకే ప్రశ్న. వీళ్ళకి ఆ మాటలు నేర్పింది మీరే. మీకు నేర్పింది ఎవరు?”

అతను కారు మీద చెయ్యి ఆనించాడు. “పుండు మానిందనే నాతో చెప్పాడు,” అన్నాడు. తర్వాత ఒక పేరు చెప్పాడు.

రత్నమాల లోపలికి వెళ్ళింది. “అమ్మా, ఫొటోలు తీసింది ఎవరు?”

“ట్రస్టు పెద్ద డాక్టరు గారండి. స్వయంగా మా ఇంటికొచ్చేరు. అంత పెద్దాయన మా గడపలోకొచ్చేడని మురిసిపోయాం. నెలనెలా సూదిమందు ఊరికే ఇస్తున్నారు కదా, ఆయన మాట కాదనలేకపోయాం.”

వీధిలో ఒకరు, లోపల ఒకరు. ఒకరి మాట ఒకరు వినలేదు. ఇద్దరూ చెప్పిన మనిషి ఒక్కడే: డాక్టర్ సుబ్రహ్మణ్యేశ్వరరావు. ఆయన తీసిన ఫొటోలే రెండు ఊళ్ళ పరీక్షల్లోకీ చేరాయన్నమాట. చందాలు పంపేవాళ్ళ నోరు మూయించడానికి, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లల్నే ఏరికోరి రివ్యూ అడిగినవాడు. కొత్తవాళ్ళు కదా, పైపైన చూసి బాగుందని రాసిచ్చేస్తారనుకున్నాడు.

రత్నమాల సలోమికి ఫోన్ చేసింది. అవతల గొంతు కంగారుగా ఉంది.

“మీకే చేద్దామనుకుంటున్నానండి. ఛైర్మన్ గారు ఫోన్ చేసి, ఆ అసలు ఫొటోలు నేనే ఒకసారి చూస్తాను, అమ్మాయినిచ్చి పంపండి అన్నారు. నేను క్లాసులో ఉన్నాను. రమ్య తీసుకుని ఆయన ఆసుపత్రికి వెళ్ళింది. ఫోన్ తియ్యట్లేదు.”

స్కూటరు వైపు పరుగెత్తబోతున్న రత్నమాలకి శివశంకర్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. “దీంట్లో త్వరగా వెళతాం.” వెనక సీట్లో అప్పటికే సత్తెమ్మ ఎక్కి కూర్చుంది. “నేను లేకుండా నా కాలి గురించి ఏం మాట్లాడతారండి?” అంది.

ఆసుపత్రి రెండో అంతస్తులో ఛైర్మన్ గది తలుపు వేసి ఉంది. రత్నమాల తట్టలేదు, తోసింది. రమ్యశ్రీ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఎదురుగా క్షమాపణ కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. బల్ల పక్కన చెత్తబుట్టలో ఫొటోలు నాలుగేసి ముక్కలై ఉన్నాయి.

“మేడమ్, నేను పెట్టలేదండి,” అంది రమ్యశ్రీ. “ఫొటోలు చింపేశారు. ఆ మెయిల్ నా దగ్గరా సలోమి మేడమ్ దగ్గరా ఉందండి అంటే, సంతకం పెట్టకపోతే మా కాలేజీయే ఉండదన్నారు. అయినా పెట్టలేదండి.”

డాక్టర్ సుబ్రహ్మణ్యేశ్వరరావు వెండిజుట్టు మనిషి. చాలా ప్రశాంతంగా లేచాడు. “ఎవరమ్మా మీరంతా? అపాయింట్‌మెంట్ ఉందా?” సత్తెమ్మ వైపు తిరిగి, “నీకేం కావాలమ్మా? ఓపీ కింద,” అన్నాడు.

ఆమె, రోగులు కాళ్ళు పెట్టుకునే ముక్కాలిపీట ముందుకు లాగి, ఎడమ పాదం దాని మీద పెట్టింది.

ఆయన ఆమె ముఖం చూసి గుర్తుపట్టలేదు. పాదం చూసి గుర్తుపట్టాడు.

“మానిందేమో చూడండి డాక్టరు గారూ,” అంది సత్తెమ్మ.

బల్ల మీద ఆయన ఫోను మోగింది. ఆయన చెయ్యి చాచేలోపు రత్నమాల అందుకుని స్పీకరు నొక్కింది.

“సార్, కొత్తపేట సరుకు వచ్చేసిందండి. మీటింగు అయ్యేదాకా ఆగమంటారా, పెట్టెలు దింపించెయ్యమంటారా?”

రమ్యశ్రీ ముందుకి వంగింది. ఆ గొంతు ఆమెకి తెలుసు. సెలవు మీద వెళ్ళిన సతీష్‌ది. సెలవు పెట్టి చేరింది ఛైర్మన్ దగ్గరన్నమాట.

“సతీష్ గారూ, నేను రమ్యశ్రీనండి.” “మీరు రాసిందీ నేను రాసిందీ ఒకటే. సంతకం వెనక్కి తీసుకున్నారు గాని, చూసింది వెనక్కి తీసుకోలేరు కదండీ. ఆ పాదం ఉన్నావిడ ఇప్పుడు నా పక్కనే ఉన్నారు. మందు రాసుకుని మూడు వేళ్ళు పోగొట్టుకున్నారు. ఇప్పుడు చెప్పండి, పెట్టెలు దింపిస్తారా?”

అవతల లారీ ఇంజను చప్పుడు, హమాలీల కేకలు వినబడుతున్నాయి. తర్వాత సతీష్ గొంతు, ఫోనుకి దూరంగా, ఎవరి మీదో అరిచింది. “ఆపండర్రా! ఒక్క పెట్టె కూడా దింపొద్దు!”

రమ్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రత్నమాల ఆ అమ్మాయి భుజం మీద చెయ్యేసింది. ఎన్నో కేసులు గెలిచింది గాని, పక్కన నిలబడిన మనిషిని చూసి ఛాతీ ఇంతగా పొంగడం ఆమెకి కొత్త.

కిటికీ వైపు తిరిగి నిలబడిన డాక్టరు అప్పుడు నవ్వాడు.

“ఒక్క లారీ ఆపేరు,” అన్నాడు. “రాజోలు పెట్టెలు నిన్ననే వెళ్ళిపోయాయి. ఇవాళ అక్కడ పెద్ద క్యాంపు. పొద్దున్నుంచీ ఆ మందుతోనే కట్లు కడుతూ ఉన్నారు.”

శివశంకర్ జేబులోంచి కారు తాళాలు తీశాడు. సత్తెమ్మ పీట మీదనుంచి కాలు దించింది. అప్పటికే రమ్యశ్రీ గుమ్మం దాటి మెట్లు దిగుతోంది. దిగుతూనే రాజోలు క్యాంపు నర్సుకి ఫోన్ కలిపి, “అక్కా, వేసిన కట్లన్నీ విప్పించండి. ఎందుకో వచ్చి చెబుతాను. రుజువు నా దగ్గరుంది,” అంటోంది.